బిడ్డని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఎవరి పర్మిషన్ కావాలి?

(పెదపారుపూడిలో మన యానాది కుటుంబాల తల్లులతో, కుర్రాళ్ళతో కూర్చున్నప్పుడు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళు అడిగారు కాబట్టి రాసి పెడుతున్నాను. పెద్దది, కానీ చివరిదాకా చదవండి. చదవడం రానివాళ్ళకి చదివి వినిపించండి.)

జై ఆదివాసీ!

 

ఆదివాసీల ఆరోగ్యం అనగానే టీవీ వాళ్ళకి ఒకటే బొమ్మ గుర్తొస్తుంది. పాడేరు వైపు కొండదారి, డోలీ, అందులో నిండు గర్భిణి, మోస్తున్న మనుషులు. అది నిజమే. ఆ కష్టం మీద పోరాడుతున్నవాళ్ళకి మనం తోడుంటాం. కానీ మనది ఆ బొమ్మ కాదు. మనది కృష్ణా డెల్టా. ఇక్కడ కొండ లేదు, డోలీ లేదు. ఎటు చూసినా రోడ్డు, కాలువ, చేను, చేపల చెరువు. గుడివాడలో ఏరియా ఆసుపత్రి ఉంది. మచిలీపట్నంలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీయే ఉంది. విజయవాడలో పెద్దాసుపత్రి ఉంది. 108 బండి దేశంలో మొదట తిరిగింది కూడా మన రాష్ట్రంలోనే, 2005లో.

మరి ఇన్ని ఉండి మన పిల్లలు ఆసుపత్రికి ఆలస్యంగా ఎందుకు చేరుతున్నారు? ఇవాళ మాట్లాడుకోవాల్సింది ఇదే.

కాలు విరిగితే మనం ఆగం. ఒళ్ళు కాలితే ఆగం. తిప్పలంతా తెలిసీ తెలియని జబ్బుతోనే. ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. పాలు సరిగా తాగట్లేదు. ఊరికే ఏడుస్తున్నాడు, లేదంటే అసలు ఏడవట్లేదు. పళ్ళొస్తున్నాయేమో, దిష్టి తగిలిందేమో, గాలి సోకిందేమో, ఎండన పడి తిరిగాడేమో. పేటలో నలుగురు నాలుగు మాటలు చెబుతారు. ఎవరి మాటా తీసెయ్యలేం.

ఒక రాత్రి ఊహించుకోండి. ఊహ ఎందుకు, ఇలాంటి రాత్రి మీ అందరికీ తెలుసు. టైం పదకొండు. చెరువు గట్టు మీద గుడిసె. నీళ్ళలో ఏరేటర్లు తిరుగుతున్నాయి. కరెంటు పోతే జనరేటర్ వెయ్యాలి, లేకపోతే సరుకు పోతుంది, ఆ నష్టం మన లెక్కలో రాస్తారు. పిల్లోడికి మధ్యాహ్నం నుంచి జ్వరం. ఆసామికి ఫోన్ చేస్తే ఎత్తడు, ఎత్తితే "ఇప్పుడేం పోతావురా, పొద్దున చూసుకో" అంటాడు. ఆటోకి డబ్బుల్లేవు. పోయినసారి ఆసుపత్రికి వెళ్తే "ఇంత మురికిగా ఎలా తీసుకొచ్చావమ్మా" అని నలుగురిలో అన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. అప్పుడు మనం "పొద్దున చూద్దాంలే" అనుకుంటాం.

ఆ మాట మన నోట్లోంచే వచ్చింది. కానీ ఆ మాట మనతో అనిపించింది ఎవరో చూడండి. ఆసామి, తీసుకున్న అడ్వాన్సు, ఆటో బాడుగ, ఆసుపత్రిలో పడ్డ అవమానం. ఇవన్నీ లెక్కలోకి వచ్చాయి. బిడ్డ ఒంట్లో ఏం జరుగుతోందన్నది ఒక్కటే లెక్కలోకి రాలేదు. ఈ లెక్కని తిరగెయ్యాలి. బిడ్డ ఒంట్లో కనపడే గుర్తులే నిర్ణయం చెయ్యాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

1994లో సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు కాన్పుల్లో తల్లులు ఎందుకు చనిపోతున్నారో ఆలోచించి, మూడు ఆలస్యాలు ఉన్నాయన్నారు. వెళ్దామని నిర్ణయించుకోవడంలో ఆలస్యం. వెళ్ళే దారిలో ఆలస్యం. వెళ్ళాక వైద్యం అందడంలో ఆలస్యం. వాళ్ళు తల్లుల గురించి చెప్పారు కానీ పిల్లల విషయంలోనూ ఇదే లెక్క. ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా తీసుకుందాం.

మొదటిది, నిర్ణయం

నేను డిగ్రీ చదివాను, డాక్టర్ని కాదు. ఇప్పుడు చెప్పే గుర్తులు నేను కనిపెట్టినవి కావు. ఏఎన్‌ఎంలకి, ఆశాలకి ప్రభుత్వం ట్రైనింగులో నేర్పేవే. అవి వాళ్ళ పుస్తకాల్లో ఉండిపోకూడదు, మన తల్లుల నోటికి రావాలి.

ఐదేళ్ళ లోపు బిడ్డకి ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆగకూడదు. ఒకటి, పాలు గానీ నీళ్ళు గానీ అసలు తాగలేకపోవడం. రెండు, తాగింది తాగినట్టు మొత్తం కక్కేయడం. మూడు, ఫిట్స్ రావడం. నాలుగు, లేపినా లేవకుండా మగతగా పడి ఉండటం. ఇవి ఉంటే ఏం జబ్బు అని మనం తేల్చనక్కర్లేదు. అర్ధరాత్రయినా, వాన పడుతున్నా బయల్దేరడమే.

ఫిట్స్ వస్తే బిడ్డని పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్ళు కూడా పొయ్యొద్దు. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల టైం పోవడమే తప్ప ఉపయోగం లేదు.

తర్వాత ఊపిరి. దగ్గూ జలుబూ ప్రతి పిల్లాడికీ వస్తాయి. నిమోనియా వేరు. దాన్ని పట్టుకోవడానికి మిషను అక్కర్లేదు. బిడ్డ ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి పొట్ట మీద చూపు పెట్టండి. ఫోన్లో టైం పెట్టుకుని నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకి 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు బిడ్డకి 40. అంత గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఆ రోజే డాక్టరుకి చూపించాలి. ఊపిరి పీల్చినప్పుడు రొమ్ము కింది భాగం లోపలికి గుంజుకుంటుంటే, అదే మనవాళ్ళు డొక్కలెగరేస్తున్నాడు అంటారే, అలా ఉంటే వెంటనే వెళ్ళాలి.

"మా ఆడవాళ్ళకి చదువు లేదు, ఈ లెక్కలెక్కడొస్తాయి" అనొద్దు. మహారాష్ట్రలో గడ్చిరోలి ఉంది. మన తెలంగాణ సరిహద్దు జిల్లా, గోండు ఆదివాసీలు ఎక్కువగా ఉండే చోటు. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు పల్లెటూరి ఆడవాళ్ళకే పసికందుల్ని చూడటం, ఊపిరి లెక్కపెట్టడం నేర్పారు. ఆ ఊళ్ళలో నెలలోపు పిల్లల చావులు సగానికి పైగా తగ్గాయి. 1999లో లాన్సెట్ అనే పెద్ద వైద్య పత్రికలో అది అచ్చయింది. ఇప్పుడు దేశమంతా ఆశాలు బాలింతల ఇళ్ళకి తిరగడానికి దారి చూపించింది ఆ పనే. అక్కడి ఆడవాళ్ళు చెయ్యగలిగింది మన అక్కలు చెయ్యలేరా?

రెండు నెలల లోపు పసిబిడ్డ విషయంలో లెక్క ఇంకా కఠినం. ఆ వయసులో జ్వరం వస్తే చిన్నదా పెద్దదా అని చూడొద్దు, వెళ్ళడమే. ఒళ్ళు చల్లబడిపోయినా అంతే ప్రమాదం. పాలు తాగడం తగ్గినా, కదలిక తగ్గినా, బొడ్డు ఎర్రబడి చీము పట్టినా, అరచేతులూ అరికాళ్ళూ పచ్చబడినా వెళ్ళాలి. ఆసుపత్రిలో కాన్పయితే ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. ఇంట్లో కాన్పయితే మొదటిరోజు కూడా రావాలి. మీరు చెరువు గట్టు మీద ఉన్నారని రాలేదా? అడగండి. అది ఆమె దయ కాదు, డ్యూటీ. అలాగే ఆమె నంబరు మన దగ్గర, మనం ఎక్కడున్నామో ఆమె దగ్గర ఉండేలా చూసుకోవడం మన పని.

వాంతులు, విరేచనాల దగ్గర డబ్బు తక్కువ పట్టేది, ప్రాణం ఎక్కువ నిలబెట్టేది ఓఆర్‌ఎస్. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకి, చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకి. ప్యాకెట్ మీద ఎంత రాసుందో అన్ని నీళ్ళే పొయ్యాలి. కాచి చల్లార్చిన నీళ్ళయితే మంచిది. విరేచనం అయిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా చెంచాతో పట్టండి. కక్కితే పది నిమిషాలాగి మళ్ళీ పట్టండి. జింకు బిళ్ళలు 14 రోజులు వెయ్యాలి, విరేచనాలు తగ్గాయని మధ్యలో ఆపకూడదు. తల్లిపాలు మానొద్దు. కళ్ళు లోపలికి పోయినా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా వెనక్కి వెళ్తున్నా, ఉచ్చ పొయ్యడం ఆగిపోయినా, విరేచనంలో నెత్తురు కనపడినా ఇంట్లో ఉంచొద్దు.

ఒక జాగ్రత్త. షాపుల్లో ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టి రంగు రంగుల తీపి డ్రింకులు అమ్మారు. వాటిలో చక్కెర ఎక్కువ. విరేచనాలవుతున్న బిడ్డకి అవి మేలు చెయ్యకపోగా కీడు చేస్తాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి ఒంటరిగా కొట్లాడితే, 2025 అక్టోబరులో అలాంటి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆర్డరిచ్చింది. మీరు తీసుకోవాల్సింది పొడి ప్యాకెట్. అంగన్‌వాడీలో, ఆశా దగ్గర, పీహెచ్‌సీలో ఉచితం.

జ్వరం మూడో రోజుకి వచ్చిందంటే రక్తపరీక్ష చేయించాలి. మనది చెరువుల నేల, దోమల నేల. డెంగ్యూలో ఒక మోసం ఉంది. జ్వరం దిగిందని మనం ఊపిరి పీల్చుకున్న రోజునే అసలు ప్రమాదం మొదలవ్వొచ్చు. జ్వరం తగ్గాక బిడ్డ లేచి ఆడుకుంటే సరే. జ్వరం తగ్గింది కానీ కడుపునొప్పి అంటున్నాడు, వాంతులాగట్లేదు, చిగుళ్ళలోంచో ముక్కులోంచో నెత్తురొస్తోంది, కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి, మగతగా ఉన్నాడు అంటే పరుగెత్తాలి.

దగ్గు రెండు వారాలు దాటినా, సాయంత్రం జ్వరం రోజుల తరబడి వదలకపోయినా, బరువు పెరగకపోయినా టీబీ పరీక్ష అడగండి. ఇంట్లో తాతకో నాన్నకో టీబీ ఉంటే ఇంకా తొందరగా అడగండి. పరీక్షా ఉచితమే, మందులూ ఉచితమే.

మన పిల్లల విషయంలో ఇంకొకటి ముఖ్యం. బాగా బక్కచిక్కిన బిడ్డకి లోపల పెద్ద ఇన్ఫెక్షన్ ఉన్నా ఒళ్ళు కాలకపోవచ్చు. జ్వరంతో పోరాడే శక్తి కూడా ఆ ఒంట్లో ఉండదు. కాబట్టి "జ్వరం లేదుగా" అన్న మాట ఆ బిడ్డల దగ్గర పనికిరాదు. అంగన్‌వాడీలో చేతికి కట్టి కొలిచే టేపు ఉంటుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు బిడ్డకి అది 11.5 సెంటీమీటర్ల లోపు చూపిస్తే ఆ బిడ్డ ప్రమాదంలో ఉన్నట్టే. ఆ బిడ్డ నలతగా కనిపిస్తే చాలు, తీసుకెళ్ళండి.

ఇప్పుడు రెండోవైపు కూడా చెప్పాలి. ప్రతి దానికీ పరుగెత్తమని నేను చెప్పట్లేదు. ముక్కు కారుతోంది, కొంచెం వెచ్చగా ఉంది, కానీ పాలు తాగుతున్నాడు, చూస్తున్నాడు, ఆడుతున్నాడు, ఉచ్చ పోస్తున్నాడు అంటే ఒకటి రెండు రోజులు ఇంట్లో చూసుకోవచ్చు. పలచటి బట్టలు వెయ్యండి, నీళ్ళు, గంజి, తల్లిపాలు ఎక్కువ పట్టండి. పారాసిటమాల్ సిరప్ ఒక్కో సీసాలో ఒక్కో మోతాదులో ఉంటుంది. పక్కింటి బిడ్డకి రెండు చెంచాలు పట్టారని మీ బిడ్డకీ అంతే పట్టకూడదు. సీసా పట్టుకెళ్ళి, బిడ్డ బరువు చెప్పి, ఎంత పట్టాలో ఏఎన్‌ఎంని అడగండి. రెండేళ్ళ లోపు పిల్లలకి దగ్గు సిరప్‌లు వద్దు. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో విషం కలిసిన దగ్గుమందు తాగి ఎందరు పిల్లలు పోయారో మీరంతా వార్తల్లో చూశారు.

వీటన్నిటి కన్నా పైన ఇంకో గుర్తుంది. "వీడు ఎప్పట్లా లేడు" అని తల్లి అనడం. ఏం తేడా అంటే చెప్పలేకపోవచ్చు. కానీ రోజూ ఆ బిడ్డని చంకనేసుకుని తిరిగేది ఆమె. ఆమెకి తెలిసింది మామకీ తెలియదు, మొగుడికీ తెలియదు, ఆసామికి అసలే తెలియదు. తల్లి "వెళ్దాం" అంటే ఇంట్లో ఇంకెవరి పర్మిషనూ అక్కర్లేదు. ఇది మన పేట కట్టుబాటుగా పెట్టుకుందాం. మగవాళ్ళంతా వింటున్నారా?

పురుగు ముట్టిన సంగతి

దీన్ని విడిగా చెబుతున్నాను. నేల మీద పడుకునేది మనమే కాబట్టి.

తాచుపామో రక్తపింజరో కరిస్తే నొప్పి, వాపు కనిపిస్తాయి. కట్లపాము అలా కాదు. రాత్రిపూట పక్కలోకి వస్తుంది. కరిచినట్టు బిడ్డకే తెలియకపోవచ్చు, గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అని లేస్తాడు. వాంతి అవుతుంది. మింగలేకపోతాడు. కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. మనం అజీర్తి అనుకుంటాం, నిద్రమత్తు అనుకుంటాం. కాసేపటికి ఊపిరి కండరాలు పడిపోతాయి. నేల మీద పడుకున్న బిడ్డ తెల్లారేసరికి కడుపునొప్పి అని, రెప్పలు వాల్చేస్తుంటే పాము కరిచిందనే అనుకుని బయల్దేరండి. ఆసుపత్రిలో "రాత్రి నేల మీద పడుకున్నాడు" అన్న మాట తప్పకుండా చెప్పండి. డాక్టరుకి ఆ ఒక్క మాటతో సగం దారి దొరుకుతుంది.

2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు వరసపెట్టి వచ్చిన సంగతి గుర్తుంది కదా. అప్పుడు మోపిదేవి గుళ్ళో యాగం కూడా చేశారు. ఎవరి నమ్మకం వాళ్ళది. కానీ విషానికి విరుగుడు సూదిమందు ఒక్కటే. ప్రభుత్వాసుపత్రిలో అది ఉచితం.

ఇక్కడ మన పెద్దలు కొంచెం నొచ్చుకుంటారని తెలుసు. పాముల గురించి, ఆకుల గురించి యానాదులకి తెలిసినంత ఎవరికి తెలుసు? ఏ చేలో ఏ పురుగుందో అడుగు పెట్టకముందే చెప్పగలిగిన తాతలు మనకున్నారు. ఆ జ్ఞానాన్ని నేను తక్కువ చెయ్యట్లేదు. ఒక సంగతి వినండి. ఆ సూదిమందు ఎలా తయారవుతుంది? పాముల నుంచి తీసిన విషంతోనే. ఆ విషం తీసేవాళ్ళలో ముఖ్యులు తమిళనాడులో మనలాంటి ఆదివాసీలే, ఇరుళర్లు. 1978లో చెన్నై దగ్గర సహకార సంఘం పెట్టుకున్నారు. పాముని పట్టి, విషం తీసి, మళ్ళీ వదిలేస్తారు. వాళ్ళలో మాసి సదయ్యన్, వడివేల్ గోపాల్‌కి 2023లో పద్మశ్రీ వచ్చింది. అంటే ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఉన్న ఆ సీసాలో ఆదివాసీల విద్య ఉంది. ఆసుపత్రికి వెళ్తే మన విద్యని వదిలేసినట్టు కాదు.

తాడు బిగించి కట్టొద్దు. గాటు కొయ్యొద్దు. నోటితో పీల్చొద్దు. పసరు కోసం గంట పోగొట్టొద్దు. బిడ్డని నడిపించకుండా ఎత్తుకుని వెళ్ళండి. గుడిసెలో మంచమో బల్లో ఏర్పాటు చేసుకోండి. కుదరకపోతే దోమతెర కట్టి అంచులు చాప కిందికి గట్టిగా దోపండి. దోమ కాటుకీ పురుగు కాటుకీ అదే కాపలా.

రెండోది, దారి

108కి ఫోన్ చేస్తే "ఎక్కడున్నారు" అని అడుగుతారు. చెరువు గట్టుకి డోర్ నంబరుండదు. అప్పుడు కంగారులో "ఫలానా ఆయన చెరువు దగ్గర" అంటే బండి డ్రైవరుకి ఏం తెలుస్తుంది? కాబట్టి ఈ వారమే ప్రతి గుడిసెవాళ్ళూ ఒక మాట ఖాయం చేసుకోండి. బండి వచ్చి ఆగగలిగే చోటు ఏది? ఏ వంతెన, ఏ లాకు, ఏ స్కూలు? అది కాగితం మీద రాసి గుడిసెలో అంటించండి. వానల్లో గట్టు బురదైతే అక్కడిదాకా బిడ్డని ఎవరు చేరుస్తారు, ఎవరి బండి మీద? కుర్రాళ్ళూ, ఇది మీ పని. ప్రతి పేటకీ ఇద్దరు పేర్లివ్వండి. రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టకూడదు.

పొదుపు సంఘం అక్కలు వారానికి కొంచెం వేసి, పిల్లల కోసం విడిగా ఒక డబ్బా పెట్టండి. ఆటో బాడుగ, పాల డబ్బులు, తోడు వెళ్ళిన మనిషి తిండి, వీటికోసమే. మన నిర్ణయాల్ని ఆపేది చాలాసార్లు ఆ రెండు మూడొందలే.

ఆసామి సంగతి. చాలామంది అడ్వాన్సు తీసుకుని చెరువుల మీద ఉంటున్నారు. అప్పు ఉంది కాబట్టి కదలకూడదు అంటే దాని పేరు వెట్టిచాకిరీ. 1976లోనే దాన్ని రద్దు చేస్తూ చట్టం వచ్చింది. అలా కదలనివ్వకుండా పని చేయించడం నేరం. తహసీల్దారుకి, ఆర్డీవోకి, కలెక్టరుకి కంప్లయింట్ చెయ్యొచ్చు. ఒక్కళ్ళే వెళ్ళడానికి భయమైతే మాకు చెప్పండి, పదిమందిమి వస్తాం. బిడ్డ జబ్బుగా ఉంటే ఆసామికి చెప్పి వెళ్ళండి, అడిగి వెళ్ళొద్దు. చెప్పడానికీ అడగడానికీ తేడా ఉంది.

ఆర్‌ఎంపీల గురించి కూడా ఒక మాట. వాళ్ళని తిట్టడానికి రాలేదు. అర్ధరాత్రి తలుపు తట్టితే తీసేది, అప్పు పెట్టేది వాళ్ళే. కానీ సూది వెయ్యగానే ఒళ్ళు చల్లబడితే జబ్బు పోయినట్టు కాదు. పైన చెప్పిన గుర్తుల్లో ఒక్కటున్నా ఆయన దగ్గర ఆగొద్దు. "మీరు చూసే కేసేనా, పెద్దాసుపత్రికి వెళ్ళాలా" అని సూటిగా అడగండి. ఏం సూది వేశారో, ఏం మందిచ్చారో చీటీ మీద రాయించుకోండి. ఆ చీటీ తర్వాత చూసే డాక్టరుకి కావాలి.

మూడోది, ఆసుపత్రి లోపల

వెళ్ళాక "ఆధార్ ఏది, కార్డు ఏది" అంటే వెనక్కి రావద్దు. మనలో ఎంతమందికి ఇప్పటికీ కాగితాలు లేవో మనకి తెలుసు. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ముందు వైద్యం చెయ్యాలి, మిగతావి తర్వాత అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1996లో ఇంకో తీర్పుంది. కలకత్తా దగ్గర హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ రైలు మీద నుంచి పడితే, ఒక్కో ప్రభుత్వాసుపత్రీ చోటు లేదని తిప్పి పంపింది. ఆయన తరఫున పశ్చిమ బెంగాల్ వ్యవసాయ కూలీల సంఘం కోర్టుకెళ్ళింది. సమయానికి వైద్యం చెయ్యకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుని కాలరాయడమే అని సుప్రీంకోర్టు తేల్చింది, పరిహారం ఇప్పించింది. ఆ తీర్పు తెచ్చుకున్నది మనలాంటి కూలీలే. గుర్తుపెట్టుకోండి.

ఏడాది లోపు బిడ్డ జబ్బు పడితే ప్రభుత్వాసుపత్రిలో వైద్యం, మందులు, పరీక్షలు, రానూపోనూ బండి అన్నీ ఉచితంగా ఇవ్వాలి. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష పథకం అది. యానాదులనో ఎరుకలవాళ్ళనో ఆసుపత్రిలోకి రాకుండా అడ్డుకుంటే, 2015లో సవరించిన ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద అది నేరం.

కానీ బిడ్డ చేతిలో ఉన్నప్పుడు గొడవ పడే ఓపిక తల్లికి ఉండదు. అందుకే తోడు మనిషి. తల్లి బిడ్డని చూసుకుంటుంది, తోడు మనిషి మాట్లాడతాడు. జ్వరం ఎప్పుడు మొదలైంది, ఎన్నిసార్లు కక్కాడు, చివరిసారి ఉచ్చ ఎప్పుడు పోశాడు, ఏ మందు పట్టారు, ఈ నాలుగూ ఫోన్లో రాసుకుని వెళ్తే డాక్టరు కూడా మాట వింటాడు. ఇంటికి పంపేటప్పుడు "ఏం కనిపిస్తే మళ్ళీ రావాలి" అని తప్పకుండా అడగండి. మళ్ళీ వెళ్తే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. తగ్గకపోతే అదే రోజు మళ్ళీ వెళ్ళడం తప్పు కాదు.

చివరగా యువతకి. మనం జెండాలు కడుతున్నాం, ర్యాలీలు చేస్తున్నాం, ఇళ్ళ పట్టాలడుగుతున్నాం. అవన్నీ చెయ్యాలి. వాటితోపాటు ఈ ఆదివారం మీ పేటలో ఐదు పనులు చెయ్యండి. ఐదేళ్ళ లోపు పిల్లల పేర్లన్నీ ఒక పుస్తకంలో రాయండి. ప్రతి తల్లికీ నిమిషం పెట్టి ఊపిరి లెక్కపెట్టడం చేయించి చూపించండి. ప్రతి గుడిసెలో రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఉన్నాయో లేదో చూడండి. ఆశా నంబరు, 108 బండి ఆగే చోటు రాసి అంటించండి. రాత్రి తోడు వెళ్ళే ఇద్దరి పేర్లు ఖాయం చెయ్యండి. చేశాక ఈ పేజీకి రాయండి, ఏ పేటలో ఎంతవరకు అయిందో అందరికీ తెలుస్తుంది.

ఈసారి గుడిసెలో బిడ్డ మూలిగినప్పుడు ఎవరైనా "పొద్దున చూద్దాంలే" అంటే, ఫోన్ తీసి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. ఆ నాలుగు గుర్తులు చూడండి. తల్లిని అడగండి. పొద్దుటిదాకా ఆగొచ్చో లేదో అప్పుడు తేల్చండి.

జై ఆదివాసీ! జై భీమ్!